పొలమారుట

అన్నము తినుచుండగా ఎవరికైన పొలమారినచో, ప్రక్కనున్న పెద్దవారు నడినెత్తిపై మెల్లగా తట్టి "ఎవరో తలచుకుంటున్నారు" అనుట మన తెలుగిండ్లలో నేటికిని వినబడు మాట. దూరదేశమున నున్న కుమారుడో, పుట్టింటి తల్లియో, చిరకాలముగా కనబడని స్నేహితుడో ఆ క్షణమున మనలను స్మరించెననియు, ఆ స్మరణమే గొంతునకు అడ్డుపడెననియు భావించుటలో ఎంత ఆప్యాయత యున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆరోగ్యవంతుల విషయమున ఈ నమ్మకము నిరపాయము. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నాడీవ్యాధి కలవారి విషయమున మాత్రము ఇది యొక తెర. ఆ తెర వెనుక ఏండ్ల తరబడి ఒక యపాయము దాగియుండగలదు.

మా పినతల్లి కుమార్తె, నాకు అక్కయ్య, ఉన్నతపాఠశాలలో 30 ఏండ్లు తెలుగు బోధించినది. 38వ యేట ఆమెకు ఈ వ్యాధి బయటపడెను. మొదట ఒక కంటి చూపు మసకబారి మరల తేటపడెను, పిదప ఎడమకాలు బరువెక్కెను, చేతికఱ్ఱ వచ్చెను. వీనినన్నిటిని ఆమె లోకమునకు చెప్పుకొన్నది. కాని మంచినీళ్ళు త్రాగునప్పుడెల్ల తనకు పొలమారుచున్నదని మాత్రము ఏ వైద్యునికిని చెప్పలేదు. చెప్పవలసిన విషయమని తోచనైనలేదు. "ఇంతమంది శిష్యులున్నదానికి పొలమారక ఏమౌతుందిరా? ఎవడో ఒకడు తలచుకుంటూనే ఉంటాడు" అని తానే నవ్వుచుండెడిది. మేమును నవ్వుచుంటిమి. ఇట్లు రెండేండ్లు గడచెను. ఆ రెండేండ్లలో ఆమె చారు మానినది, వేడి యని చెప్పి; పెండ్లిభోజనములకు పోవుట మానినది, ఓపిక లేదని చెప్పి; నీళ్ళు సగము చేసినది, మాటిమాటికి లేచి పోలేనని చెప్పి. ప్రతిదానికి నొక కారణము, ప్రతి కారణము నమ్మదగినదే.

ఆ చలికాలమున జ్వరము, దగ్గు, ఆయాసము వచ్చెను. ఒక యాసుపత్రిలో రెండు మారులు మందులిచ్చి పంపిరి. మూడవమారు పోయినప్పుడు ఒక యువవైద్యురాలు గుండెపరీక్ష, ఎక్స్‌రే మొదలగునవి ముగించిన పిమ్మట, వెడలిపోక మంచము ప్రక్కన నిలిచి, గ్లాసెడు నీళ్ళు చేతికిచ్చి, "త్రాగండమ్మా" అని ఆమె కంఠము వైపే చూచుచుండెను. మూడవ గుక్కకు అక్కయ్య దగ్గెను. "ఇప్పుడు మీ పేరు చెప్పండి" అని యామె యడిగెను. చెప్పిన పేరు, నీళ్ళలోనుండి వచ్చినట్లు గుడగుడలాడుచు వచ్చినది. మంచము కాళ్ళవైపు నిలిచి వినుచున్న నాకు, ఈ స్వరమును రెండేండ్లుగా ప్రతిదినము భోజనానంతరము వినుచునే యుంటినని అప్పుడు జ్ఞాపకము వచ్చెను.

మ్రింగుట మనము నేర్చుకొనిన విద్య కాదు. తల్లిగర్భమునందే శిశువు ఉమ్మనీటిని మ్రింగుచుండును. పుట్టిన పిమ్మట మెలకువలోను నిద్రలోను దినమునకు వందలకొలది మారులు జరుగు ఈ పనిలో మన ఇచ్ఛకు లోబడినది మిక్కిలి స్వల్పము: ముద్దను నమలి, లాలాజలముతో తడిపి, నాలుకతో వెనుకకు నెట్టువరకే మన యధికారము. ముద్ద గ్రసనిని చేరినతోడనే పగ్గములు మెదడు అడుగుభాగమున నున్న మస్తిష్కమూలము చేతికి పోవును. మెత్తని అంగిలి పైకి లేచి ముక్కుదారిని మూయును, స్వరపేటిక పైకిని ముందునకును జరుగును, స్వరతంత్రులు ఒకదానినొకటి చేరును, వాయునాళముపై మూతవలె ఒక మృదులాస్థిపలక వాలును, ఊపిరి ఆగును, అన్నవాహిక ద్వారము తెరచుకొనును. ఐదు జతల కపాలనాడులు, ముప్పదికి మించిన కండరములు పాలుగొను ఈ వ్యవహారమంతయు సుమారు ఒక సెకను కాలములో ముగిసి, మరల ఊపిరి ఆడును.

1868లో పారిస్ నగరమందలి సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో పండితుడు మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధిని స్పష్టముగా వేరుపరచి వర్ణించెను. మెదడులోను వెన్నుపాములోను నాడీతంతువులను చుట్టియుండు మైలిన్ అను తొడుగు అక్కడక్కడ దెబ్బతిని, మచ్చలు కట్టుట దీని స్వభావము. తొడుగు పోయిన తంతువులో వార్త నడచును గాని ఆలస్యముగా నడచును, ఒక్కొక్కచో దారిలోనే ఆగిపోవును. రైలుగేటును తలచుకొనుడు. బండి వచ్చుచున్నదని స్టేషనునుండి తంతి రావలెను, గేటువాడు వెంటనే గేటు వేయవలెను. గేటువాని భుజబలమునకు లోపము లేదు, గేటునకును లోపము లేదు. తంతి మాత్రము ఆలస్యమైనది. వచ్చునది ఎడ్లబండివలె మెల్లగా కదలు పప్పన్నపు ముద్దయైనచో ఆ యాలస్యము పూడుకొనును. వచ్చునది నీరైనచో మెయిలుబండియే. అందుచేతనే ఈ వ్యాధిలో గట్టిపదార్థములకంటె ముందు నీరే శత్రువగుట తరచుగ జరుగును. అందుచేతనే "ఆమెకేమి, అన్నము చక్కగా తినుచున్నది గదా" అని ఇంటివారు మోసపోవుదురు.

వ్యాధిగ్రస్తులలో మూడవవంతునకు తక్కువ గాకుండ ఏదో యొక దశలో ఈ చిక్కును ఎదుర్కొందురు. మస్తిష్కమూలమున మచ్చలున్నవారికిని, వ్యాధి ముదిరినవారికిని ఇది యెక్కువ; కాని నడక చక్కగానున్న వారికి రాదని నియమము లేదు. దీనికి వైద్యులు పెట్టిన పేరు డిస్ఫేజియా. పేరుతో పనిలేదు, గుర్తులతో పనియున్నది. నీరు, కాఫీ, మజ్జిగ త్రాగునప్పుడు దగ్గు, తిన్న వెనుక స్వరము తడిసినట్లగుట, ఒక పూట భోజనము అరగంటనుండి గంటకు సాగుట, భోజనమైన చాలసేపటికి దవడసందున మెతుకులు దొరకుట, ఒకే ముద్దకు రెండు మూడు గుటకలు వేయవలసివచ్చుట, ముక్కులోనికి నీరెక్కుట, కారణము తెలియని జ్వరములు, వదులగుచున్న గాజులు, బిగించినకొలది వెనుకకు పోవుచున్న నడికట్టు రంధ్రము. వీనిలో రెండు కనబడినను చాలును.

దగ్గు శత్రువు కాదు, కాపలాదారు. నాకు భయము కలిగించునది దగ్గు గాదు, దగ్గు లేకపోవుట. ఈ వ్యాధిలో కొందరికి గొంతులోని స్పర్శయే మందగించును. నీరు వాయునాళములోనికి జారినను కాపలాదారు లేవడు, వారికేమియు తెలియదు, చూచువారికిని తెలియదు. కావుననే దగ్గు తగ్గినదని సంతోషింపక, ఎందుచేత తగ్గినదో పరీక్ష చేయించుకొనవలెను.

ఈ పరీక్ష చేయువారు, చికిత్స నేర్పువారు స్పీచ్ థెరపిస్టులు. "మాట్లాడుట నేర్పువారికి మ్రింగుటతో ఏమి సంబంధము?" అని అక్కయ్యయు మొదట అడిగినది. మాటకును గుటకకును పరికరములొక్కటే: నాలుక, పెదవులు, అంగిలి, స్వరపేటిక. వాక్కునకును అన్నమునకును ఒకే వాకిలి. న్యూరాలజిస్టు పంపగా పోయినచో, వారు బేరియము కలిపిన ద్రవమును, ముద్దను మ్రింగించి ఎక్స్‌రే చలనచిత్రము తీయించుట గాని, ముక్కుగుండ సన్నని ఎండోస్కోపును దించి గొంతును ప్రత్యక్షముగా చూచుట గాని చేయుదురు. ఏ ద్రవము, ఎంత చిక్కదనమున, ఏ భంగిమలో, ఏ మోతాదున సురక్షితమో ఆ పరీక్షలో తేలును. పెద్ద ఆసుపత్రులలోనే గాక, 1965లో మైసూరులో స్థాపితమైన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థవంటి చోట్లను ఈ విద్య నేర్చినవారు కలరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున మల్టిపుల్ స్క్లెరోసిస్ ప్రత్యేకముగా చేర్చబడినది. ధ్రువపత్రము తీసికొనుటకు సంకోచింపనక్కరలేదు.

ఇక నడవడికి వత్తము. తెలుగువారికి ఎంగిలి పట్టింపు గట్టిది. ఆ పట్టింపువలన చెంబును పెదవులకు తాకనీయక, తల వెనుకకు వాల్చి, పైనుండి ధారగా పోసికొని త్రాగుట మనలో చాలమందికి చిన్ననాటి యలవాటు. మల్టిపుల్ స్క్లెరోసిస్ కలవారికి ఇంతకంటె ప్రమాదకరమైన భంగిమ నేను ఊహింపలేను. తల వెనుకకు వాలినచో వాయుద్వారము బారుగా తెరచుకొని ధారకు ఎదురుగా నిలుచును. ధార ఎంత పడునో, ఎప్పుడు పడునో నాలుకకు తెలియదు. మాత్ర నోట వేసికొని తల ఎగురవైచి నీళ్ళు పోసికొనుట ఇట్టిదే. ఈ యొక్క యలవాటును మార్చుకొనుట సగము వైద్యము. వెడల్పు మూతి గల గ్లాసును పెదవులకు ఆనించి, తల నిట్టనిలువుగ నుంచి, గుక్కకు ఒక చెంచాడు చొప్పున త్రాగవలెను. ఎంగిలికి భయపడువారు తమ గ్లాసు తాము వేరుగ నుంచుకొన్న సరిపోవును.

గడ్డమును ఎదవైపు వంచి మ్రింగుట కొందరికి గొప్ప మేలు చేయును. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున పనిచేసిన జెరీ లోగెమన్ విదుషి ఇట్టి ఉపాయములను ఎక్స్‌రే చిత్రములతో శోధించినవారిలో అగ్రగణ్యురాలు. 1983లో వెలువడిన ఆమె గ్రంథము ఈ విద్య నభ్యసించువారికి చాలకాలము పాఠ్యగ్రంథమై నిలిచెను. కాని గడ్డము వంచుట అందరికి పనికిరాదు. గుటక వెనుక గొంతులో శేషము మిగులువారికి అది కీడునైన చేయవచ్చును. పరీక్షలో చూచి చెప్పినవారికే అది ఔషధము. అందరికి పనికివచ్చునవి వేరు కలవు: పీటపై గాక వీపునకు ఆనుడున్న కుర్చీలో పాదములు నేలకానునట్లు కూర్చుండుట, చిన్న ముద్ద, ఒక ముద్ద పూర్తిగా పోయిన పిమ్మటనే మరియొకటి, ముద్దకు గుటక, దాని వెంట ఉత్తగుటక, తినునంతసేపు మాట లేకుండుట, తిన్న వెనుక అరగంట వరకు నడుము వాల్చకుండుట.

పూర్వాచారపరులు ఔపోశనము పట్టి, పంచప్రాణములకు చిన్న చిన్న మెతుకుల ఆహుతులను మౌనముగ మ్రింగి, పిదప భోజనము సాగించుట నా బాల్యమున చూచితిని. అది నాడీశాస్త్రమును దృష్టిలో నుంచుకొని యేర్పరచిన నియమమని చెప్పు సాహసము నాకు లేదు. పూర్వుల ప్రతి యాచారమునుండియు ఒక వైజ్ఞానిక రహస్యమును త్రవ్వి తీయు వారియెడ నాకంత గౌరవమును లేదు. కాని తినుట యొక కర్మ, దానికి ఆరంభమున ఒక నిలుపు, నడుమ ఒక మౌనము ఉండవలెనను భావము ఈ రోగికి ఎంత యుపయోగమో అక్కయ్య పళ్ళెము ముందు కూర్చున్న నాడు నాకు తెలిసినది. ఆరోగ్యవంతునకు మ్రింగుట తనంతట జరుగును. ఈమె మ్రింగుటను "చేయవలెను". అట్లు చేయవలసిన పని యొకటి తనకు వచ్చిపడినదని ఒప్పుకొనుటకు ఆమెకు ఆరు మాసములు పట్టెను. గడ్డపెరుగు చిక్కదనమును కొలుచుకొనుటకు ఆరు దినములే పట్టెను.

వంటయింటి సంగతి కొంత విస్తరముగా చెప్పక తప్పదు, ఏలయనగా రోగమును గూర్చిన పుస్తకములు చాలవరకు రొట్టె తిను దేశములందు పుట్టినవి. మన విస్తరి వానికి తెలియదు. మన భోజనమున అత్యంత ప్రమాదకరమైన పదార్థమేది యని నన్నడిగినచో, వేరుసెనగ యనను, జంతిక యనను, చారన్నము అందును. ఒకే ముద్దలో గట్టియు పలుచనయు కలసియుండుటయే దానిలోని కీడు: మెతుకును నమలుటకు నాలుక ఆగియుండగా చారు ఆగక ముందుగా జారిపోవును, గేటు వేయకముందే మెయిలుబండి. నీళ్ళమజ్జిగ కలిపిన అన్నము, పాలలో నానవేసిన అటుకులు, ముక్కలు తేలు సాంబారు, తేట విడిచిన పెరుగు, అన్నియు ఈ జాతివే. గింజలు గల దానిమ్మ, రసము చిమ్ము బత్తాయి తొనయు ఇంతే.

రెండవ ప్రమాదము పొడి. అన్నము పొడిపొడిలాడుచు ఉండుట మన యిల్లాండ్రకు గర్వకారణము. దేని మెతుకు దానికి విడివడి యుండవలెనందురు. ఈ రోగికి అట్టి మెతుకులు గొంతులో నలుదిక్కులకు చెదరును. సన్నబియ్యమును నీరెక్కువ పోసి మెత్తగా వండి, ముద్దపప్పుతో, తగినంత నేతితో గరిటెవెనుకతో మెదిపినచో, మెతుకు చెదరదు, పిండివలె అంగిలికి అంటుకొనదు. నేయి ఇచ్చట రుచికొరకే గాదు; త్రోవను నునుపు చేయును, బక్కచిక్కుచున్న దేహమునకు బలమునిచ్చును. కందిపొడి, నువ్వులపొడి, కారప్పొడి ముద్దలో కలియక పైపైన నిలిచినచో దగ్గు పుట్టించును. ఉప్మా చెదరును, ఇడ్లీ ఉత్తదైనచో గొంతుకు అంటును, సాంబారులో తేలినచో రెండుజాతుల పదార్థమగును, చిక్కని కొబ్బరిపచ్చడిలో పూర్తిగా మెదిపినచో ఒకటగును. పోపుగింజలు, కరివేపాకు, ఎండుమిరప తొక్క, మునగకాడ పీచు, తోటకూర ఈనెలు తీసివేయవలెను. పోపు లేనిదే కూర యెట్లని బాధపడువారు, పోపును నేతిలో వేయించి, గింజలు వడకట్టి, ఆ నేతిని మాత్రము కలుపుకొనవచ్చును. పరిమళమంతయు నేతిలోనే యుండును. ఈ చిట్కా మా మేనకోడలు కనిపెట్టినది. ఆ పూట అక్కయ్య చాలదినముల తరువాత మారు వడ్డించుమని యడిగెను.

ఇప్పుడు ప్రపంచమంతట వైద్యులు వాడుచున్న యొక కొలత కలదు. ఆహారపానీయములను 0 మొదలు 7 వరకు మెట్లుగా విభజించినారు. దానిలోని పానీయముల పరీక్ష మందుల దుకాణమున దొరకు 10 మిల్లీలీటర్ల సిరంజితో ఇంటనే చేయదగినది. సిరంజినుండి లోని కాడను తీసివేసి, ముక్కును వ్రేలితో మూసి, 10 గీత వరకు పానీయమును పోసి, వ్రేలు తీసి 10 సెకనులు లెక్కించి మరల మూయవలెను. ఒక మిల్లీలీటరుకంటె తక్కువ మిగిలినచో అది నీటితో సమానము. 1 నుండి 4 వరకు మిగిలినది మొదటి మెట్టు, 4 నుండి 8 వరకు రెండవది, 8కి పైన మూడవది. బొట్టును జారక నిలిచినచో అది త్రాగునది గాదు, చెంచాతో తినవలసినది. సిరంజులన్నియు ఒకే కొలత గలవి గావు. సున్న గీతనుండి 10వ గీతకు 61.5 మిల్లీమీటర్ల పొడవున్నదే దీనికి ప్రమాణము. అక్కయ్యకు రెండవ మెట్టు తగునని పరీక్షలో తేలినది. రాగిజావను ఇట్లు కొలిచి చూడగా, వేడిమీద మొదటి మెట్టున నున్నది చల్లారునప్పటికి మూడవ మెట్టునకు పోయినది. వంటయింటి గట్టు ముందు గడియారము పట్టుకొని నిలిచిన మాకు ఇది చిన్న వింతగ తోచలేదు. ఇంకొక వింత కూడ చూచితిమి: ఎంగిలిచెంచాను మాటిమాటికి ముంచిన జావ, గిన్నె యడుగు చేరునప్పటికి పలుచబడును, లాలాజలము పిండిపదార్థమును కరగించును గనుక. చిక్కదనమునకై అమ్ము పొడులలోను పిండిజాతివి ఇట్లే పలుచబడును. జాంథాన్ జిగురుతో చేసినవి నిలుచును. గట్టిపదార్థములకు కొలతలు కలవు: మెదిపిన మెట్టున తునక 4 మిల్లీమీటర్లను, మెత్తని ముక్కల మెట్టున ఒకటిన్నర సెంటీమీటరును మించరాదు.

మెట్టు నెవరికి వారు నిర్ణయించుకొనరాదు. చిక్కన యైనకొలది మంచిదను భ్రమయు కూడదు. చిక్కని పానీయము నోటికి హితవు గాదు, దాహము తీర్చినట్లుండదు. తత్ఫలితముగ మనుష్యులు త్రాగుటయే మానుదురు. ఈ రోగులలో చాలమంది మూత్రపు తొందరకు భయపడి మొదలే నీరు తగ్గించియుందురు. దానిపై ఇది చేరినచో మలబద్ధము, మూత్రకోశపు రోగము, నీరసము, ఆ నీరసమువలన మరింత చెడిన గుటక. దినమునకు ఎన్ని గ్లాసులు లోనికి పోయినవో గోడమీద గీతలు గీయుట మేలు.

అమెరికాలో లూయీవిల్ నగరమందలి ఫ్రేజియర్ పునరావాసకేంద్రమున రూపొందిన యొక పద్ధతి ఈ దాహబాధకు కొంత విరుగుడు: భోజనములకు నడుమ, నోటిని శుభ్రముగ తోమికొనిన పిమ్మట, తగిన రోగులకు పర్యవేక్షణలో మామూలు మంచినీటిని గుక్కలుగ త్రాగనిత్తురు. దీనిలోని తర్కము మనోహరమైనది. స్వచ్ఛమైన నీరు కొంచెము ఊపిరితిత్తులలోనికి జారినను శరీరము దానిని ఇముడ్చుకొనగలదు. నెమ్ము పుట్టించునది నీరు గాదు, ఆ నీటితో కొట్టుకొనిపోవు నోటిలోని మురికి. కావున దంతధావనము ఈ రోగమున శుచికొరకే గాదు, ప్రాణరక్షణకొరకు. ఉదయమున ఒకమారు పండ్లు తోమి చేతులు కడుగుకొనినచో చాలదు. ప్రతి భోజనానంతరము దంతములు, నాలుక, దవడసందులు శుభ్రపడవలెను, కట్టుడుపండ్లను తీసి కడుగవలెను. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద ఫలమున్నదని చెప్పినప్పుడు వినువారి ముఖములలో కొంత నిరాశ కనబడును. వారు మందు పేరును ఆశించియుందురు.

వేడి ఈ వ్యాధికి విరోధి. దేహశ్రమవలన చూపు తాత్కాలికముగ తగ్గుటను విల్‌హెల్మ్ ఊట్‌హోఫ్ అను జర్మనుపండితుడు 1890లో గుర్తించెను; దేహోష్ణము పెరుగుటయే దానికి కారణమని పిమ్మట తేలినది. వైశాఖమాసపు మధ్యాహ్నమున, రెంటచింతలలోనో రామగుండములోనో, ఉక్కయింట కూర్చుండి పెద్దభోజనము చేయుట వీరికి తగదు. బరువైన భోజనమును ప్రొద్దుటి చల్లనివేళకు జరిపి, తక్కినది చిన్న చిన్న పూటలుగ విభజించి, తినుటకు ముందు కొంత విశ్రమింపవలెను. ఐసుక్రీము చల్లనిదే యైనను నోట కరగి నీరగునని మరువరాదు.

మాత్రల విషయము క్లుప్తముగా చెప్పెదను. మ్రింగలేకపోయినచో రోటిలో నూరి పెరుగున కలుపుట మన యిండ్లలో సులభోపాయము. కొన్ని మాత్రలకు అది విషతుల్యము. నడకకొరకు ఇచ్చు ఫాంప్రిడిన్ మాత్ర గంటల తరబడి కొంచెము కొంచెముగ కరగునట్లు చేయబడినది. దానిని నూరినచో మోతాదంతయు ఒక్కమారుగ రక్తమున పడును. మందులవానిని అడుగక ఏ మాత్రను విరువరాదు. మూత్రపు తొందరకు ఇచ్చు కొన్ని మందులు నోరెండజేయును, కండరముల బిగువునకు ఇచ్చునవి మత్తు కలిగించును. గుటక చెడిన కాలము, కొత్తమందు మొదలిడిన కాలము ఒకటేమో సరిచూచుకొనవలెను.

ఇంత జాగ్రత్తపడినను ఒకనాడు పొలమారును. అప్పుడు తల తట్టకుడు, నీళ్ళు త్రాగించకుడు. నీళ్ళవలననే వచ్చిన యాపదకు నీళ్ళు మందు గావు. రోగి దగ్గుచున్నంతవరకు ముందునకు వంచి దగ్గనీయుడు. దగ్గు తన పని తాను చేయును. దగ్గు రాక, మాట రాక, చేతితో గొంతు పట్టుకొని ముఖము నీలవర్ణమగుచున్నచో, ముందునకు వంచి రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో 5 మారులు గట్టిగ కొట్టవలెను. అప్పటికి వెలువడకున్నచో వెనుకనుండి చేతులు చుట్టి, బొడ్డునకు పైన పిడికిలి నుంచి, లోనికిని పైకిని 5 మారులు అదుమవలెను. 1974లో హెన్రీ హైమ్లిక్ వైద్యుడు ప్రచారములోనికి తెచ్చిన ఉపాయమిది. ఇంతలో ఇంకొకరు 108కి ఫోను చేయవలెను. ఇంటిలో కనీసము ఇద్దరు దీనిని నేర్చి యుండవలెను; పుస్తకమున చదివి గాదు, ఒకరి వెనుక నొకరు నిలిచి, చేతులెక్కడ పడునో తడవి చూచుకొని.

కొందరికి నోటిద్వారా చాలినంత యాహారము పోవని దశ రావచ్చును. 1979లో క్లీవ్‌లండ్ వైద్యులు కనిపెట్టిన పద్ధతి ననుసరించి, పెద్ద శస్త్రచికిత్స లేకుండ, ఎండోస్కోపు సహాయముతో పొట్టకు నేరుగా ఒక గొట్టమమర్తురు. ఆ మాట వినగనే బంధువులు కన్నీరు పెట్టుకొందురు. ఒక్క దోసిలి అన్నము తినుటకు గంటన్నర పోరాడి, అలసి, ఇంకను ఆకలితో లేచు మనుష్యుని దినదినము చూచినవారికి ఆ కన్నీరు రాదు. గొట్టమున్నవారు నోట రుచి చూడనేరాదని నియమము లేదు; వైద్యుల యనుమతితో నాలుకపై కొంచెము గోంగూర రుచి చూచువారు కలరు. ఎట్టి నిర్ణయమైనను ఆరోగ్యము కొంత బాగుండి, రోగికి మాట చెల్లుచున్న కాలముననే మాటలాడుకొనవలెను.

అక్కయ్య ఇంకను నోటనే తినుచున్నది. గుడిలో తీర్థము పుచ్చుకొనునప్పుడు దానిని త్రాగక, అరచేతిని కన్నుల కద్దుకొని తలపై నిమురుకొనుచున్నది. పూజారి అభ్యంతరము చెప్పలేదు. పెండ్లిపంక్తులలోనికి మరల పోవుచున్నది, వెంట చిన్న డబ్బాలో తన యన్నము, సంచిలో సిరంజి. క్రిందటి మాసమున మధ్యాహ్నభోజనవేళ ఆమె పూర్వశిష్యుడొకడు, ఇప్పుడు తహసీలుదారు, చెప్పాపెట్టక వచ్చి, "నమస్కారమండీ టీచరుగారూ, ఎట్లా ఉన్నారు?" అని గుమ్మములోనే యడిగెను. ఆమె నోట ముద్ద యున్నది. పాతరోజులలో తరగతిగదిలో అల్లరిని అణచిన చూపుడువ్రేలు పైకి లేచినది. తహసీలుదారు నిలిచినచోటనే నోరు మూసికొనెను. ఒక గుటక. ఇంకొక గుటక. గొంతు సవరించి చూచుకొన్నది. స్వరము పొడిగా పలికినది.

"కూర్చో నాయనా. నేను బాగానే ఉన్నాను గాని, మీ బ్యాచి వాళ్ళకేమొచ్చింది? ఈమధ్య నన్నెవరూ తలచుకోవడమే లేదు!"